పావు మాత్ర చాలు

పిల్లి కుంటుతోంది. ఎక్కడో గోడ మీంచి దూకి కాలు బెణికించుకున్నట్టుంది, ఒళ్లు కూడా కాస్త వెచ్చగా ఉంది. జ్వరానికీ ఒంటినొప్పులకీ ఇంటిల్లిపాదీ వేసుకునే పారాసెటమాల్ చేతికందేంత దూరంలోనే ఉంది. పిల్లి చిన్న ప్రాణి కదా అని 500 మిల్లీగ్రాముల మాత్రను నాలుగు ముక్కలు చేసి, అందులో ఒక్క ముక్కను నలిపి పాలలో కలిపి పెడతారు. పెట్టినవాళ్లకు దాని మీద ప్రేమ తప్ప మరో ఉద్దేశం లేదు. కొద్ది గంటలు గడిచేసరికి పిల్లి చిగుళ్లు గోధుమ రంగుకు తిరుగుతాయి. ముఖం, పాదాలు వాస్తాయి. గాలి అందక రొప్పుతుంది.

లెక్క చూడండి. 4 కిలోల పిల్లి కడుపులోకి వెళ్లింది 125 మిల్లీగ్రాములు, అంటే కిలోకు 31 పైచిలుకు. కిలోకు 10 మిల్లీగ్రాములు పడినా పిల్లులు జబ్బుపడిన సందర్భాలున్నాయి. పిల్లుల విషయంలో ఈ మందుకు సురక్షితమైన మోతాదు అంటూ లేదు.

పెంపుడు జంతువులకు విషం అనగానే పుర్రె బొమ్మ ఉన్న సీసాలు గుర్తొస్తాయి. నాకైతే ఆ సీసాల కన్నా ఈ పావు మాత్రే ఎక్కువ భయం. సీసా దగ్గర అందరం జాగ్రత్తగానే ఉంటాం. మనకు పడింది దానికీ పడుతుందిలే, మోతాదు తగ్గిస్తే చాలు అనుకునే చోటే దెబ్బతింటాం. పిల్లి చిన్న సైజు మనిషి కాదు. కుక్క పెద్ద సైజు పిల్లీ కాదు.

మన కాలేయం పారాసెటమాల్‌ను వదిలించుకునే పద్ధతి తేలికైనదే. ప్రతి అణువుకూ గ్లూకురోనిక్ ఆమ్లం అనే తోకను తగిలిస్తుంది. తోక తగిలాక అది నీళ్లలో బాగా కరిగి మూత్రంతో పోతుంది. ఆ తగిలించే పని ఎంజైములది. వాటిలో ముఖ్యమైనదాన్ని తయారుచేసే జన్యువు పిల్లిలో ఉండటానికి ఉంది గానీ పనిచేయదు, పాడుబడిన ఇల్లులా మిగిలిపోయింది. సింహానిదీ చీతాదీ అదే పరిస్థితి. 2011లో వెలువడిన ఒక పరిశోధన గోధుమ రంగు హైనాలోనూ ఉత్తర ఎలిఫెంట్ సీల్‌లోనూ ఆ జన్యువు చెడిపోయి ఉందని చూపింది. ఇవన్నీ మాంసం మీదే బతికేవి. ఆకులూ కాయలూ తమను తినేవాళ్ల మీద ప్రయోగించే రసాయనాలను విరగ్గొట్టడానికే ఈ ఎంజైము ఎక్కువగా పనికొస్తుంది. మొక్కలు తినని జంతువుకు దాని అవసరం పెద్దగా లేదు. వాడని పనిముట్టు తుప్పుపట్టింది.

ఆ దారి మూసుకుపోవడంతో మందు మరో దారి పట్టి, కణాలను కాల్చే పదార్థంగా మారుతుంది. దాని దెబ్బ ముందుగా తగిలేది ఎర్ర రక్తకణాలకు. ఆక్సిజన్ మోసే హీమోగ్లోబిన్ అణువులో సులభంగా దెబ్బతినే గంధక బంధాలు మనిషికి రెండు, కుక్కకు నాలుగు, పిల్లికి ఎనిమిది. దెబ్బతిన్న హీమోగ్లోబిన్ గోధుమ రంగుకు మారి ఆక్సిజన్‌ను మోయలేకపోతుంది. చిగుళ్ల రంగుకు కారణం అదే. మనుషుల్లో పారాసెటమాల్ మోతాదు మించినప్పుడు వాడే ఎసిటైల్‌సిస్టీన్ పిల్లులకూ విరుగుడే, కాకపోతే తొందరగా పడాలి.

ఉల్లి, వెల్లుల్లి తగిలేది కూడా ఇదే చోట. వాటిలోని గంధక పదార్థాలు ఎర్ర కణాలను పగలగొడతాయి. ఉడికించినా, ఎండబెట్టి పొడి చేసినా ఆ గుణం పోదు. పిల్లికి కిలో బరువుకు 5 గ్రాముల ఉల్లిపాయ చాలు. కుక్కకు 15 నుంచి 30 గ్రాములు కావాలి. రక్తహీనత కొన్ని రోజుల తర్వాత గానీ బయటపడదు. అప్పటికి ఫలానా రోజు పెట్టిన కూర ఎవరికీ గుర్తుండదు.

కుక్కల సంగతి వేరు. వాటి ముక్కు మూతల్నీ సంచుల్నీ దాటి వాసన పట్టేస్తుంది, దొరికింది నమలకుండానే మింగేస్తాయి. చాక్లెట్‌లో థియోబ్రోమిన్ అనే, కెఫీన్ లాంటి పదార్థం ఉంటుంది. మన ఒంట్లో దాని పరిమాణం 7 నుంచి 10 గంటల్లో సగానికి తగ్గితే, కుక్క ఒంట్లో తగ్గడానికి 17 గంటలు దాటుతుంది. కిలోకు 20 మిల్లీగ్రాముల దగ్గర వాంతులు, కుదురులేకపోవడం మొదలవుతాయి. 40 దాటితే గుండె లయ తప్పుతుంది. 60 దాటితే మూర్ఛలు. చాక్లెట్లన్నీ ఒకటి కావు. పాల చాక్లెట్ గ్రాములో సుమారు 2 మిల్లీగ్రాముల థియోబ్రోమిన్ ఉంటే డార్క్ చాక్లెట్‌లో 5 దాకా, తీపి కలపని వంట చాక్లెట్‌లో 14 దాకా ఉంటుంది. 10 కిలోల కుక్క 100 గ్రాముల పాల చాక్లెట్ తింటే వాంతులతో బయటపడొచ్చు. అంతే డార్క్ చాక్లెట్ తింటే గుండెను కనిపెట్టి ఉండాల్సిన పరిస్థితి. మా కుక్క ఎన్నిసార్లు తిందో, ఏమీ కాలేదు అనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్ల కుక్క పెద్దదీ, అది తిన్నది పాల చాక్లెటూ అయి ఉంటుంది.

చాక్లెట్ గురించి చాలామందికి తెలుసు. జైలిటాల్ గురించి తెలిసినవాళ్లు తక్కువ. చక్కెర లేని చూయింగ్ గమ్‌లో, కొన్ని టూత్‌పేస్టుల్లో, కొన్ని రకాల వేరుశనగ వెన్నలో తీపి కోసం దీన్ని కలుపుతారు. లేబుల్ మీద బిర్చ్ షుగర్ అనో, ఈ967 అనో రాసి ఉండొచ్చు. మన క్లోమం దీన్ని దాదాపు పట్టించుకోదు. కుక్క క్లోమం మాత్రం అసలు చక్కెరే వచ్చిందనుకుని ఇన్సులిన్‌ను కుమ్మరిస్తుంది. రక్తంలో ఉన్న కాస్త గ్లూకోజూ పడిపోయి, తరచుగా అరగంట నుంచి గంటలోపే కుక్క తూలి కూలబడుతుంది. కిలోకు 0.1 గ్రాము చాలు. 10 కిలోల కుక్కకు ఒక గ్రాము, అంటే రెండు మూడు గమ్ బిళ్లలు. మోతాదు ఇంకా పెరిగితే కాలేయం కూలిపోతుంది. సోఫా మీద పడేసిన హ్యాండ్‌బ్యాగు కుక్కకు అందే ఎత్తులోనే ఉంటుంది, గమ్మూ మాత్రలూ రెండూ అందులోనే ఉంటాయి.

ద్రాక్ష కథ మాత్రం అపరాధ పరిశోధనలా సాగింది. ద్రాక్ష, ఎండు ద్రాక్ష కుక్కల మూత్రపిండాలను పాడుచేస్తాయని వైద్యులకు తెలుసు. ఎందుకో తెలియదు. ఒక కుక్క గుత్తి మొత్తం తిని హాయిగా తిరిగేది, మరోటి గుప్పెడు తిని చచ్చిపోయేది. అమెరికాలో జంతువుల విష కేసులు చూసే పశువైద్యుల దగ్గరికి, పిల్లలు బొమ్మలు చేసుకోవడానికి ఇంట్లో కలిపిన పిండిముద్ద (ప్లే డో) తిన్న కుక్క కేసు ఒకటి వచ్చింది. దానికీ అచ్చం ద్రాక్ష తిన్న కుక్కకు మల్లేనే మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఆ ముద్దలో క్రీమ్ ఆఫ్ టార్టార్ ఉంది, అంటే టార్టారిక్ ఆమ్లపు లవణం. ద్రాక్షలో ఉండేదీ ఆ ఆమ్లమే. పండు రకాన్ని బట్టి, పక్వాన్ని బట్టి అది మారుతూ ఉంటుంది కాబట్టే ఒక్కో కుక్కకు ఒక్కో ఫలితం. 2021లో వాళ్లు ఈ వాదన బయటపెట్టారు. ఆ తర్వాత చింతపండు తిన్న కుక్కల్లోనూ అదే నష్టం నమోదైంది. చింతపండు పులుపు కూడా టార్టారిక్ ఆమ్లానిదే.

ఇదే వరస తిరగేస్తే లిల్లీ పువ్వు కనిపిస్తుంది. ఇది కుక్కను పెద్దగా ఏమీ చేయదు, పిల్లి మూత్రపిండాలను మాత్రం రెండు మూడు రోజుల్లో తినేస్తుంది. అసలైన లిల్లీలూ, డే లిల్లీలూ రెండూ ప్రమాదమే. ఆకు కొరకనక్కర్లేదు. ఒంటి మీద రాలిన పుప్పొడిని నాకినా, కుండీలో నీళ్లు తాగినా చాలు. పిల్లికి ఈ నాకడమే శాపం. మన చేతికి అంటిన మందును మనం కడుక్కుంటాం, పిల్లి నాలుకతో కడుక్కుంటుంది. నేల తుడిచిన ఫినాల్ ద్రావణం పాదాలకంటి అలాగే లోపలికి పోతుంది. కుక్కల మెడ మీద వేసే పిడుదుల చుక్కల మందులో చాలాసార్లు పెర్మెత్రిన్ అనే పురుగుమందు గాఢంగా ఉంటుంది. కుక్క దాన్ని తట్టుకుంటుంది. పొరపాటున పిల్లికి వేస్తే వణుకు, ఆ తర్వాత మూర్ఛలు. చుక్కలు వేసిన కుక్కను ఆనుకుని పడుకున్న పిల్లికీ ముప్పే. ఇంట్లో రెండూ ఉంటే మందు ఆరేదాకా విడివిడిగా ఉంచాలి.

పంజరంలో చిలకలుంటే వంటింటి పొగను కూడా లెక్కలో వేసుకోండి. నాన్‌స్టిక్ పెనాన్ని ఖాళీగా పొయ్యి మీద మరిచిపోతే, బాగా వేడెక్కిన పూత నుంచి వచ్చే ఆవిరికి మనకు మహా అయితే జ్వరంలా వస్తుంది, పక్షి నిమిషాల్లో రాలిపోవచ్చు. పక్షి ఊపిరితిత్తుల్లో గాలి ఒకే దిశలో నిరంతరం పారుతుంది. ఆక్సిజన్‌ను మనకన్నా సమర్థంగా పీల్చే ఆ ఏర్పాటే విషాన్నీ అంతే సమర్థంగా పీలుస్తుంది. బ్రిటన్ బొగ్గు గనుల్లో విషవాయువు జాడ చెప్పడానికి కేనరీ పిట్టలను దింపింది ఇందుకే. ఆ పని 1986 దాకా సాగింది.

ఆరుబయట ప్రమాదాలు తక్కువేం కావు. గన్నేరు గుండెను పట్టేస్తుంది, సైకాస్ అనే అలంకరణ మొక్క గింజలు కాలేయాన్ని. ఆకుపచ్చ నురగ తేలే చెరువు నీటిలో కుక్కను దింపకపోవడం మంచిది, ఆ తెట్టులోని సూక్ష్మజీవులు కొన్ని కాలేయానికీ నరాలకూ విషాన్ని తయారుచేస్తాయి. నత్తల మందు గుళికలను కుక్కలు తిండి అనుకుంటాయి. వీటన్నిటికన్నా ఎక్కువగా చెప్పుకోవాల్సింది ఎలుకల మందు గురించి.

1933లో మంచు తుపాను రోజున అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రపు రైతు ఒకడు చచ్చిపోయిన పెయ్యనూ, పాలక్యానులో గడ్డకట్టని రక్తాన్నీ వేసుకుని విశ్వవిద్యాలయానికి వచ్చాడు. బూజుపట్టిన గడ్డి తిన్న పశువులు లోలోపల రక్తం కారి చనిపోతున్నాయి. అక్కడి జీవరసాయన శాస్త్రవేత్త కార్ల్ పాల్ లింక్ బృందం ఏళ్ల తరబడి శ్రమించి ఆ గడ్డిలోని పదార్థాన్ని వేరుచేసింది. దాని బంధువైన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా అమ్మకానికి వచ్చింది. తర్వాత మనుషుల్లో రక్తం గడ్డకట్టకుండా వాడే మందూ అయింది.

ఎలుక వాంతి చేసుకోలేదు. అందుకే దానికి అనుమానం ఎక్కువ. కొత్త తిండి కాస్త రుచి చూసి ఆగుతుంది, కడుపులో తేడా చేస్తే మళ్లీ ముట్టదు. వార్ఫరిన్ జాతి మందులు దాన్ని ఓడించింది ఆలస్యంతోనే. అవి రక్తాన్ని నేరుగా ఏమీ చేయవు, విటమిన్ కె మళ్లీ మళ్లీ వాడకంలోకి రాకుండా అడ్డుకుంటాయంతే. ఒంట్లో అప్పటికే ఉన్న గడ్డకట్టించే ప్రోటీన్లు అయిపోయేదాకా అంతా మామూలే. ఎలుకను మోసగించడానికి పెట్టిన ఆ మూడు నుంచి ఐదు రోజుల గడువు కుక్క యజమానినీ మోసగిస్తుంది. తిన్న మర్నాడు కుక్క తోక ఊపుతూ తిరుగుతుంటే హమ్మయ్య అనుకుంటాం. నాలుగో రోజు మందకొడిగా పడుకుంటుంది, దగ్గుతుంది, చిగుళ్లు పాలిపోతాయి. రక్తం బయటకు కనిపించకపోవచ్చు, ఛాతీలోకి కారుతుండవచ్చు. తిన్న రోజే తీసుకెళ్తే వైద్యం సులువు. విటమిన్ కె1 ఉంది, కొత్త తరం మందులకు దాన్ని వారాల తరబడి వాడాలి. అయితే ఎలుకల మందులన్నీ ఈ జాతివి కావు. బ్రోమెథలిన్ మెదడును దెబ్బతీస్తుంది, దానికి విరుగుడు లేదు. జింక్ ఫాస్ఫైడ్ కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ వాయువు వదులుతుంది, ఆ కుక్క వాంతి వాసన పీల్చినవాళ్లకూ ప్రమాదమే. గుళికల రంగు చూసి ఏది ఏదో చెప్పలేం. అందుకే ప్యాకెట్ పారేయొద్దు.

కార్ల కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్‌దీ ఇలాంటి దొంగ ఆటే. తియ్యగా ఉంటుంది. 4 కిలోల పిల్లికి చిక్కనిది ఒక టీ చెంచాడు పడితే ప్రాణాంతకం. మొదట తాగినట్టు తూలుతుంది. తర్వాత కొన్నిసార్లు, ముఖ్యంగా కుక్కల్లో, కోలుకున్నట్టు కనిపిస్తుంది. ఆ వేళకు కాలేయం దాన్ని ఆక్సాలిక్ ఆమ్లంగా మార్చేస్తూ ఉంటుంది, మూత్రపిండాల్లో స్ఫటికాలు పేరుకుంటూ ఉంటాయి. పిల్లికి విరుగుడు మూడు గంటల్లోపు పడాలి. కారు కింద తడి కనిపిస్తే అప్పుడే కడిగేయడం మేలు.

ఏదో తిన్నదని తెలిసిన క్షణంలో చేతులు ఊరుకోవు. ఉప్పు నీళ్లు పట్టించి వాంతి చేయించాలనిపిస్తుంది. ఆ ఉప్పే మరో విషమవుతుంది. ఆమ్లమో క్షారమో మింగి ఉంటే వాంతిలో గొంతు రెండోసారి కాలుతుంది, కిరోసిన్ లాంటిదైతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కుందేలుకైతే వాంతి అనేదే సాధ్యం కాదు. పాలు విరుగుడు కాదు. ఒంటికంటిన మందునైతే గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే సబ్బుతో కడిగి, తువ్వాలులో చుట్టి నాకకుండా పట్టుకోవచ్చు. మిగతాదంతా పశువైద్యులకు ఫోన్ చేశాకే. వాళ్లు అడిగేవి ఏమిటి తింది, ఎంత తింది, ఎప్పుడు తింది, ఎన్ని కిలోలుంటుంది అనే. లక్షణాలు కనిపించాక వెళ్దాంలే అనుకోవడం ఎలుకల మందు పెట్టిన గడువుకు ఒప్పుకోవడమే.

ఇంతకీ ఆ కుంటే పిల్లికి నొప్పి మందే లేదా అంటే, ఉంది. మెలాక్సికామ్ లాంటివి పిల్లుల కోసం ప్రత్యేకంగా తయారవుతాయి. మోతాదు మించితే అవీ మూత్రపిండాలకు చేటే. అందుకే డాక్టరు పిల్లిని తూచి, ఒంట్లో నీరు తగ్గలేదని చూసుకుని, ఆ తర్వాతే చుక్కలు లెక్కగట్టి ఇస్తారు.