"సెలైనుతో లేచారు కదండీ?": పెద్దలు స్పృహ తప్పడంపై అపోహలు - వాస్తవాలు

"నీరసం డాక్టరుగారూ, ఒక సెలైను పెట్టండి, అదే తగ్గిపోతుంది." పెద్దాయనను ఆటోలోంచి దించుతూనే కొడుకు అనే మాట ఇది. ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

అపోహలన్నిటిలో ఖరీదైనది ఇదే. మెదడుకు కొన్ని క్షణాలు రక్తం చాలక మనిషి పడిపోతాడు. నేల మీద పడ్డాక తల, గుండె ఒకే ఎత్తుకు వచ్చి మళ్ళీ రక్తం అందుతుంది, తెలివి వస్తుంది. సూది గుచ్చే సరికే ఆయన మంచినీళ్ళు అడుగుతుంటారు. పేరు మాత్రం సీసాకు దక్కుతుంది.

ఆమధ్య ఒక 72 ఏళ్ళ మాస్టారు వచ్చారు. రెండు నెలల్లో రెండుసార్లు పడితే రెండుసార్లూ సెలైనే ఎక్కించారు. మూడోసారి పూజకు పూలు కోస్తూ పడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ కోసమని ఈసీజీ తీస్తే గుండె నిమిషానికి 34 సార్లే కొట్టుకుంటోంది. కంప్లీట్ హార్ట్ బ్లాక్! అంటే గుండె పై గదుల నుంచి కింది గదులకు విద్యుత్ సంకేతం అసలు అందకపోవడం. ముందు పేస్‌మేకర్, ఆ తర్వాతే తుంటి. "సెలైనుతో లేచారు కదండీ?" అని ఆయన భార్య అడుగుతుంటే ఆమె మీద కోపం ఎలా వస్తుంది? ఐదు నిమిషాల ఈసీజీ తీయని మా వాళ్ళ మీద వచ్చింది.

ఈసీజీ బాగుందని నిశ్చింతగా ఉండకండి. లయ అప్పుడప్పుడే తప్పవచ్చు, ఒంటికి తగిలించి రోజంతా ఈసీజీ నమోదు చేసే హోల్టర్ అవసరం పడవచ్చు. కూర్చుని ఉండగా, నడుస్తుండగా, కళ్ళు తిరగడమైనా లేకుండా పడితే ముందు గుండెనే అనుమానించాలి.

లేచి నిలబడగానే పడితే బీపీ సంగతి చూడాలి. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి మూడు నిమిషాల లోపు మళ్ళీ చూడాలి. పై అంకె 20 తగ్గితే కారణం దొరికినట్టే. మా నాన్నగారు ప్రొస్టేట్ మాత్ర (అదీ బీపీని తగ్గించేదే), బీపీ మాత్ర రెండూ వేసుకుని, రాత్రి మూత్రానికి లేచి గుమ్మంలోనే కూలబడ్డారు. ఇంట్లో డాక్టరు ఉండి ఏం లాభం? మాత్రల సంచి విప్పి చూడాలని నాకూ అప్పుడే తోచింది.

ఇక మిగతావి. చేతులు రెండు క్షణాలు కొట్టుకున్నంత మాత్రాన ఫిట్స్ కాదు, తాళాల గుత్తి పక్కన పెట్టండి. షుగర్ పడిపోతే నిమిషంలో దానంతటది లేవదు. స్పృహ లేనివారి నోట్లో పంచదార నీళ్ళు పోయకండి. తలకు దెబ్బ, మాట తడబాటు, చేయి పడిపోవడం లాంటివి లేకుంటే బ్రెయిన్ స్కాన్‌తో తేలేది తక్కువ.

పడుతుండగా చూసినవారిని వెంట తీసుకురండి. మాస్టారి విషయంలో అది ఎనిమిదేళ్ళ మనవరాలు. "తాతయ్య ముఖం ముందు తెల్లగా అయింది, లేచాక ఎర్రగా అయింది" అంది. హార్ట్ బ్లాక్‌లో జరిగేది సరిగ్గా అదే. మొదటి రెండుసార్లూ పక్కనే ఉందట, ఎవరూ అడగలేదు.