ఒక్క క్వెరీకి ఎన్ని ప్రాసెసర్లు ఇవ్వాలి?

ఒకే పనిని పలు ప్రాసెసర్లకు పంచి చేయించే సమాంతర డేటాబేస్ వ్యవస్థలో ఎన్ని ప్రాసెసర్లు ఖాళీగా ఉంటే అన్నింటినీ వచ్చిన క్వెరీకి (డేటాను అడిగే ప్రశ్నకు) అప్పగించేస్తే పని త్వరగా తెములుతుందని ఎవరికైనా అనిపిస్తుంది. అయితే పని పంచడానికే కొంత సమయం పడుతుంది. ప్రతి ప్రాసెసర్‌నూ పనికి సిద్ధం చేయాలి, దాని వాటా ఏమిటో తెలపాలి, చివరికి ఫలితాలను ఒకచోట చేర్చాలి.

ఒకే ప్రాసెసర్ మీద 10,000 మిల్లీసెకన్లు పట్టే క్వెరీ ఉందనీ, ఒక్కో ప్రాసెసర్‌ను ఒకదాని తరువాత ఒకటిగా పనిలోకి దించడానికి 1 మిల్లీసెకను చొప్పున పడుతుందనీ అనుకుందాం. 10 ప్రాసెసర్లతో అది 1,010 మిల్లీసెకన్లలోనూ, 100తో 200లోనూ పూర్తవుతుంది. 1,000 ఇస్తే మళ్లీ 1,010కే చేరుతుంది. ఈ లెక్క ప్రకారం తగిన సంఖ్య పని పరిమాణపు వర్గమూలాన్ని అనుసరించి పెరుగుతుంది కనుక, పని నాలుగింతలైనా ప్రాసెసర్లు రెండింతలైతే చాలు.

ఇంతకన్నా ఆసక్తికరమైనది 50 ప్రాసెసర్ల సంగతి. సగం ప్రాసెసర్లను తీసేసినా సమయం 250 మిల్లీసెకన్లకు మించదు. ఇలాంటి క్వెరీలు రెండు ఒకేసారి వచ్చి, ఉన్నవి 100 ప్రాసెసర్లే అయితే, వరుసగా నడిపినప్పుడు మొదటిది 200కీ రెండవది 400కీ ముగుస్తాయి. చెరి 50 పంచితే రెండూ 250కే ముగుస్తాయి. ఒక క్వెరీకి అత్యుత్తమమైన కేటాయింపు మొత్తం వ్యవస్థకు కూడా అత్యుత్తమం కానక్కరలేదన్నమాట.

2016లో వచ్చిన 9.6 వెర్షన్‌తో సమాంతర క్వెరీలను ప్రవేశపెట్టిన పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఈ విషయంలో జాగ్రత్తగానే ఉంటుంది. పట్టిక పరిమాణం మూడింతలైనప్పుడల్లా సహాయక ప్రాసెస్‌ల సంఖ్యను ఒకటి చొప్పున పెంచే ఆ పద్ధతి కొంత మోటుదే అయినా, నా దృష్టిలో తెలివైనదే. అసలు చిక్కు ఏమిటంటే, ఆ సంఖ్య క్వెరీని ఎలా నడపాలో ముందుగా ప్లాన్ వేసేటప్పుడే నిర్ణయమవుతుంది. అమలు వేళకు ఖాళీలు తక్కువగా ఉంటే ఉన్నవాటితోనే సర్దుకోవలసి వస్తుంది.

మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో రూపొందిన హైపర్ డేటాబేస్ వ్యవస్థకు 2014లో ప్రతిపాదించిన పద్ధతిలో నిర్ణయం అమలు దశకు మారింది. పట్టికను సుమారు లక్ష వరుసల ముక్కలుగా చూస్తారు. ఒక ముక్క పూర్తిచేసిన థ్రెడ్ (ప్రాసెసర్ మీద నడిచే పని ధార) తరువాతి ముక్కను అందుకుంటుంది, లేదా ఆ క్షణాన మరో క్వెరీకి మారిపోతుంది. మెమొరీ అందరికీ ఉమ్మడిగా ఉన్నచోట ఇది సులువు. డేటాను వేర్వేరు యంత్రాలకు పంచిన వ్యవస్థల్లో మాత్రం ప్రాసెసర్‌ను మార్చడమంటే నెట్‌వర్క్ మీదుగా వరుసలను తరలించడమే. పైగా రెండు పట్టికలను విలువల ఆధారంగా జతపరిచేటప్పుడు ఒకే విలువ గల వరుసలు లెక్కకు మించి ఒక యంత్రం మీద పడితే, తక్కినవన్నీ పని ముగించుకుని దానికోసం ఎదురుచూడాలి. అందుకని అక్కడ ఆ వరుసలను పలు యంత్రాలకు విడగొట్టి, వాటితో జతపడే రెండో పట్టిక వరుసలను ఆ యంత్రాలన్నిటికీ నకళ్లుగా పంపుతారు.