మొగ దగ్గర చేప మొప్పల్లో ఏం జరుగుతుంది?

సముద్రంలో అంత నీరుండగా కొన్ని చేపలు గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీది ఎందుకు వస్తాయని ఒక పాఠకురాలు అడిగారు. జవాబు చివర్లో చెబుతాను. నన్ను కట్టిపడేసేది దారి మధ్యలో, నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఉంది.

చేప నీళ్ళు తాగుతుందో లేదో ఎవరూ చెప్పలేరని పాతమాట. చెప్పొచ్చు. సముద్రంలో తాగుతుంది, నదిలో దాదాపు తాగదు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. చేప రక్తంలో అందులో మూడో వంతే. నీరు ఉప్పు ఎక్కువున్న వైపుకే పోతుంది కాబట్టి, చుట్టూ నీళ్ళున్నా దాని ఒంట్లో నీరు బయటికి పోతూనే ఉంటుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి ఉప్పునీళ్ళే తాగి, ఎక్కువైన ఉప్పును మొప్పల్లోని ప్రత్యేక కణాలతో బయటికి తోడేస్తుంది. నదిలో అంతా తలకిందులు. నీరు లోపలికి చొరబడుతుంది, ఉప్పు జారిపోతుంది. ఇక పల్చటి మూత్రం ఎడాపెడా పోయాలి, మొప్పలు ఉప్పును లోపలికి లాగాలి. ఎండుద్రాక్షను నీళ్ళలో వేసి, నీరు ఇలా కదలడానికి పేరైన ద్రవాభిసరణం నిర్వచనం బట్టీ పట్టించే మాస్టార్లు ఒక్కసారి ఈ చేప గురించి చెప్పి చూడాలి!

బయటికి తోడే మోటారును లోపలికి తోడేలా మార్చడం స్విచ్ నొక్కినంత తేలిక కాదు. గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి నదికి వచ్చే సాల్మన్ చేప మొప్పల్లో సోడియం-పొటాషియం ఏటీపీయేజ్ అనే పంపు ఉప్పునీటికో రకం, మంచినీటికో రకం ఉంటుంది. ఒకటి తగ్గుతూ రెండోది పెరగాలి. దానికి రోజులు పడుతుంది. మొగలో ఉప్పదనం కొంచెం కొంచెంగా తగ్గడం వల్ల ఆ వ్యవధి దొరుకుతుంది.

ఇక్కడే ఓ చిక్కు. ఊపిరి తీసేదీ ఆ మొప్పలే. ఆక్సిజన్ తక్కువైతే మొప్పల మీదుగా ఎక్కువ నీరు, వాటిలోకి ఎక్కువ రక్తం పారించాలి. పారిస్తే ఉప్పు-నీటి లెక్క తప్పుతుంది. 20 డిగ్రీల మంచినీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. అందులో మురుగు కలిస్తే బ్యాక్టీరియా మిగతాదీ మింగేస్తుంది. అమెరికాలో డెలావేర్ నది మొగ ప్రాంతంలో, ఫిలడెల్ఫియా దగ్గర, గత శతాబ్దం మధ్యలో వేసవి ఆక్సిజన్ దాదాపు సున్నాకు పడిపోయేది. పులసకు చుట్టమైన షాడ్ చేపకు అది కనిపించని ఆనకట్ట. ఎగువన గుడ్లు పెట్టే చోటు బాగానే ఉన్నా, దారే మూసుకుపోయింది. మురుగును శుద్ధి చేయడం పెరిగాక మళ్ళీ తెరుచుకుంది.

ఇక పాఠకురాలి ప్రశ్న. ఈ చేపల వీర్యానికీ గుడ్లకూ నది నీరే కావాలి. సాల్మన్ వీర్యకణాలు మంచినీరు తగిలాకే కదులుతాయి, నిమిషం తిరిగేలోపు ఆగిపోతాయి. చారల బాస్ అనే చేప గుడ్డు నీటిని పీల్చి ఉబ్బుతుంది. నదిలో తల్లి ఒంట్లోకి చొరబడినట్టే నీరు గుడ్డులోకీ చొరబడుతుంది. అలా ఉబ్బిన గుడ్డు ప్రవాహంలో తేలుతూ పోతుంది. ఎగువన నీటిని ఆపేస్తే ఉప్పునీరు నదిలోకి ఎగదన్నుతుంది, ప్రవాహం మందగిస్తుంది. గుడ్డు అడుక్కి దిగి, బురదలో ఊపిరాడక పోతుంది.