మందుల చీటీ మీద మనుషుల్ని రాయడం ఎప్పట్నుంచి మొదలైంది?

సోషల్ ప్రిస్క్రైబింగ్ అనే మాట ఈమధ్య బాగా వినిపిస్తోంది. డాక్టర్ దగ్గరికి వెళ్తే మాత్రలతో పాటు, ఒక్కోసారి మాత్రలకి బదులు, తోటపని చేసే గ్రూప్‌కో, కలిసి పాడుకునే గ్రూప్‌కో, అప్పుల విషయంలో సలహా చెప్పేవాళ్ళ దగ్గరికో పంపించడం. ఇదేదో కొత్త ఫ్యాషన్ అని చాలామంది అనుకుంటున్నారు గానీ దీని వెనక దగ్గర దగ్గర వందేళ్ళ కథ ఉంది. నన్నడిగితే ఆ కథలో అసలైన ముక్క సౌత్ లండన్‌లో పెకమ్ అనే చోట ఒక ఈతకొలను చుట్టూనే ఉంది.

1926లో జార్జ్ స్కాట్ విలియమ్సన్, ఇన్నెస్ పియర్స్ అని ఇద్దరు డాక్టర్లు అక్కడ ఒక చిన్న ఇంట్లో పయనీర్ హెల్త్ సెంటర్ అని పెట్టారు. వాళ్ళ పట్టుదల ఏంటంటే, రోగం ఎలా వస్తుందో అందరూ చూస్తున్నారు సరే, ఆరోగ్యం ఎలా నిలబడుతుందో ఎవరైనా కూర్చుని చూశారా అని. మూడేళ్ళు నడిపాక ఈ ఇల్లు చాలదు అని ఆపేసి, డబ్బులు పోగేసుకుని 1935లో ఓవెన్ విలియమ్స్ అనే ఇంజనీర్ చేత పెద్ద బిల్డింగ్ కట్టించారు. మధ్యలో స్విమ్మింగ్ పూల్, చుట్టూ గాజు గోడలు, జిమ్, ఆడుకోడానికి హాళ్ళు, క్యాంటీన్. క్యాంటీన్‌లో టీ తాగుతూ కూర్చుంటే పూల్‌లోకి ఎవరు దూకుతున్నారో కనిపిస్తుంది, అందంకోసం పెట్టిన గాజు కాదు అది, పక్కవాడు ఈత కొడుతుంటే చూసి మనకీ దిగాలనిపిస్తుందని పెట్టారు. ఎవరూ ఎవరికీ క్లాసు పీకరు, ఫలానాది చెయ్యమని చెప్పరు.

చుట్టుపక్కల నడిచి రాగలిగే దూరంలో ఉన్న కుటుంబాలకే మెంబర్‌షిప్, ఇంటికి వారానికి ఒక షిల్లింగ్. ఒకటే షరతు, ఇంట్లో అందరూ అప్పుడప్పుడూ పూర్తి హెల్త్ చెకప్ చేయించుకోవాలి. వైద్యం మాత్రం అక్కడ చెయ్యరు, ఏముందో చెప్పి ఎక్కడికి వెళ్ళాలో చెప్తారంతే. ఆ చెకప్‌లలో తేలిందేంటంటే పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి ఏదో ఒక లోపం ఉంది, వాళ్ళలో బోలెడుమంది బానే ఉన్నాం అనుకుంటూ తిరుగుతున్నవాళ్ళే.

1939లో యుద్ధం రావడంతో మూతపడింది, యుద్ధం అయ్యాక మళ్ళీ తెరిచారు, 1950లో శాశ్వతంగా మూసేశారు. ఎందుకు మూసేశారో చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు. 1948లో ఎన్‌హెచ్‌ఎస్, అంటే బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ, వచ్చింది కదా, దాని పద్ధతి ప్రకారం సేవ ఉచితంగా ఉండాలి, ఇక్కడేమో వారం వారం చందా కట్టాలి. సేవ అందరికీ ఉండాలి, ఇదేమో ఆ చుట్టుపక్కల వాళ్ళకే. పైగా వీళ్ళ పని ఆరోగ్యం మీద, ప్రభుత్వం డబ్బులిచ్చేదేమో జబ్బులకి. అలా ఏ పద్దులోనూ ఇమడలేదు. ఆ బిల్డింగ్‌లో ఇప్పుడు ఫ్లాట్లు ఉన్నాయి.

అటు అమెరికాలో 1960లలో ఇంకో రకంగా జరిగింది. మిసిసిపీలో మౌండ్ బయూ దగ్గర జాక్ గైగర్ అనే డాక్టర్, ఆయన టీమ్ కలిసి పేద నల్లజాతి కుటుంబాలకోసం హెల్త్ సెంటర్ నడిపేవాళ్ళు. పిల్లలు తిండి లేక జబ్బు పడుతుంటే వీళ్ళు చీటీ మీద ఆహారమే రాసేవాళ్ళు, ఆ చీటీ తీసుకెళ్తే కిరాణా కొట్టువాడు సరుకులిస్తాడు, బిల్లు హెల్త్ సెంటర్ ఫార్మసీ ఖాతాలోంచి కడతారు. పైనుంచి ఆఫీసర్లు వచ్చి ఇదేంటయ్యా మందుల డబ్బుతో తిండి కొంటున్నారు అని అడిగితే, పోషకాహార లోపానికి మా వైద్య పుస్తకాల్లో ఉన్న మందు తిండే అన్నాడట ఆయన. నాకు ఈ మొత్తం వ్యవహారంలో బాగా నచ్చిన సమాధానం ఇదే.

తిండి సంగతి ఎవరికైనా అర్థమవుతుంది, మరి నలుగురితో కలిసి ఉండటం కూడా మందేనా అంటే, దానికి లెక్కలు 1979లో వచ్చాయి. కాలిఫోర్నియాలో అలమీడా కౌంటీలో 6,928 మందిని తొమ్మిదేళ్ళపాటు ఫాలో అయితే, మనుషులతో సంబంధాలు బాగా తక్కువున్న మగవాళ్ళు చనిపోయే అవకాశం 2.3 రెట్లు, ఆడవాళ్ళు 2.8 రెట్లు ఎక్కువ అని తేలింది, సిగరెట్, తాగుడు, బరువు ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పోలేదు. 2010లో జులియాన్ హోల్ట్-లన్‌స్టాడ్ వాళ్ళు 148 స్టడీలు, మూడు లక్షల పైచిలుకు మంది డేటా కలిపి చూసినా అదే దారి.

ఈలోపు లండన్‌లోనే, ఈస్ట్ ఎండ్‌లో, 1984లో ఆండ్రూ మాసన్ అనే పాస్టర్ జనం లేని ఒక పాత చర్చికి వచ్చి దాని తలుపులు పేటలోవాళ్ళకి తెరిచాడు. అదే బ్రోమ్లీ బై బో సెంటర్ అయింది, 1997లో అక్కడే డాక్టర్ల క్లినిక్ కూడా తెరిచారు. అంటే డాక్టర్‌ని చూసి బయటికొస్తే పక్కనే తోట, ఆర్ట్ క్లాసు, ఉద్యోగాల సలహా. ఇవాళ్టి మోడల్‌కి ఇదే పెద్ద నమూనా.

బ్రిటన్ ప్రభుత్వం కదలడానికి చాలా టైమ్ పట్టింది. 2006 శ్వేతపత్రంలో ఈ ఊసు ఉంది గానీ ఊసుగానే ఉండిపోయింది. ఎంపీ జో కాక్స్ ఒంటరితనం మీద మొదలుపెట్టిన పని, 2016లో ఆమె హత్య తర్వాత ఆమె పేరుతో కమిషన్‌గా నడిచింది, 2018లో బ్రిటన్ ఒంటరితనానికి ఏకంగా ఒక మంత్రినే పెట్టింది. 2019 జనవరిలో ఎన్‌హెచ్‌ఎస్ లాంగ్ టర్మ్ ప్లాన్ వచ్చింది, 2020-21 చివరికల్లా వెయ్యి మందికి పైగా లింక్ వర్కర్లు, 2023-24 కల్లా తొమ్మిది లక్షల మందిని పంపించడం టార్గెట్.

లింక్ వర్కర్ అంటే ఏం చేస్తారంటే, ఉదాహరణకి భార్య పోయిన ఒక పెద్దాయన మోకాలి నొప్పి అని మాటిమాటికీ వస్తున్నాడనుకుందాం, డాక్టర్‌కి పది నిమిషాలే ఉంటాయి, లింక్ వర్కర్ గంట కూర్చుని వింటారు. ఆయన ఒకప్పుడు వడ్రంగం చేసేవాడని తెలిస్తే చెక్కపని గ్రూప్ ఒకటి వెతుకుతారు. అడ్రస్ రాసిచ్చి వదిలేస్తే ఆయన వెళ్ళడు, గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగిపోతాడు, అందుకే మొదటి రోజు తోడు వెళ్తారు. నిజానికి ఆ తోడు వెళ్ళడమే ఈ ఉద్యోగం, మిగతాదంతా ఫైళ్ళు.

పనిచేస్తుందా మరి? సోమర్‌సెట్‌లో ఫ్రోమ్ అనే చిన్న ఊళ్ళో డాక్టర్ హెలెన్ కింగ్‌స్టన్ 2013లో మొదలుపెట్టిన ఇలాంటి ప్రయత్నంలో 2017 చివరికి ఎమర్జెన్సీ అడ్మిషన్లు 14 శాతం తగ్గాయి, అదే టైమ్‌లో సోమర్‌సెట్ మొత్తంలో 28.5 శాతం పెరిగాయి. అయితే ఇది ఒక ఊరి లెక్క. 2017లో ఉన్న స్టడీలన్నీ జల్లెడ పట్టి చూసినవాళ్ళు చాలావరకు చిన్నవి, నాణ్యత తక్కువ అని తేల్చారు. అది దాచిపెట్టి ప్రచారం చేసేవాళ్ళంటే నాకు చిరాకు.

నా అసలు అనుమానం మాత్రం స్టడీల మీద కాదు, డబ్బు మీద. లింక్ వర్కర్ జీతం ఎన్‌హెచ్‌ఎస్ ఇస్తుంది. ఆయన పంపించే చెక్కపని గ్రూప్‌కి హాలు అద్దె, కరెంటు బిల్లు, రంపాలు ఎవరిస్తారు? 2010 తర్వాత స్థానిక కౌన్సిళ్ళ నిధులు కోసేయడంతో వందల లైబ్రరీలు, యూత్ క్లబ్బులు మూతపడ్డాయి, అంటే చీటీలు రాసేవాళ్ళు పెరుగుతున్న అదే సమయంలో చీటీ పట్టుకుని వెళ్ళాల్సిన చోట్లు తగ్గిపోయాయి. అక్కడ గ్రూపులు నడిపేది ఎక్కువగా వాలంటీర్లు, ఏడాదికోసారి గ్రాంట్‌కి అప్లికేషన్ పెట్టుకుంటూ. పెకమ్‌లో వాళ్ళకి కనీసం వారానికి షిల్లింగ్ చొప్పున ఇంటింటి నుంచీ వచ్చేది.