సుబ్బారావు గారి చదివింపుల లెక్క

మొన్న ప్రాక్టికల్ అయిపోయాక టెస్ట్ ట్యూబులు కడుగుతూ మా ఎమ్మెస్సీ అమ్మాయి ఒకటి అడిగింది, "సార్, ఎల్లాప్రగడ సుబ్బారావు గారి హెచ్-ఇండెక్స్ ఎంత ఉంటుంది?" అని. పీహెచ్‌డీకి అప్లై చేస్తోంది కదా, రోజూ గైడ్ల పేర్లు వెతకడం, పేరు పక్కన ఆ అంకె, అంటే ఆ మనిషి వ్యాసాల్ని మిగతావాళ్లు ఎంత ప్రస్తావించారో చెప్పే కొలత, చూడటం, పెద్దదైతే టెన్షన్ పడటం. ఆ రోజు మేం చేసింది కూడా ఆయన ప్రయోగమే. ఆ ట్యూబుల్లో నీలం రంగు ఇంకా ఉంది.

ఈ జీవరసాయన శాస్త్రవేత్త 1895లో భీమవరంలో పుట్టడం, మద్రాసులో వైద్యం చదివి బోస్టన్ వెళ్లడం, ఇవన్నీ మీకు తెలిసినవే, మళ్లీ చెప్పను. నాకు ఆసక్తి ఆ అంకె మీద. అది సైటేషన్ల లెక్కలోంచి వస్తుంది.

సైటేషన్ అంటే ఏమిటో చెప్పాలంటే నాకు పెళ్లిలో చదివింపులే గుర్తొస్తాయి. మండపం పక్కన ఒకాయన నోటుబుక్కు పెట్టుకుని కూర్చుంటాడు, ఫలానా వారు 116, ఫలానా వారు 516, పేరు పేరునా రాసుకుంటాడు, పాతరోజుల్లో అయితే గట్టిగా చదివేవాళ్లు కూడా. పరిశోధన వ్యాసం చివర ఉండే పట్టిక అచ్చంగా అదే పుస్తకం. నేను ఈ పని చేయడానికి ఎవరెవరి దగ్గర ఏం తీసుకున్నానో పేరు పేరునా రాయడం. యూజీన్ గార్‌ఫీల్డ్ అనే అమెరికన్‌కి 1955లో ఒక ఆలోచన వచ్చింది: ఊళ్లో జరిగిన పెళ్లిళ్లన్నిటి పుస్తకాలూ తెచ్చి తిరగేసి రాస్తే, ఒక్కొక్కరు ఎన్ని పెళ్లిళ్లలో చదివించారో తెలుస్తుంది కదా! 1964లో ఆయన సంస్థ ఆ సైటేషన్ ఇండెక్స్‌ని అచ్చు వేసింది. అప్పటిదాకా ఒక వ్యాసం ఎవరిని తలుచుకుందో తెలిసేది, ఆ తర్వాత దాన్ని ఎవరెవరు తలుచుకున్నారో కూడా తెలిసింది.

చదివింపుల్లో ఉన్న రోగాలన్నీ ఇక్కడా ఉన్నాయి. వాళ్లు మనింట్లో 516 చదివించారు కాబట్టి మనం వాళ్లింట్లో తగ్గకూడదు అన్నట్టు, నువ్వు నన్ను ప్రస్తావించు నేను నిన్ను ప్రస్తావిస్తా అనే జట్లు ఉంటాయి. సొంత వ్యాసాల్నే పదే పదే ప్రస్తావించుకోవడం అంటే ఇంట్లోవాళ్లే కవరు ఇచ్చి ఇంట్లోవాళ్లే రాసుకోవడం. చుట్టాలు ఎక్కువున్న ఇంట్లో పుస్తకం లావుగా ఉంటుంది. వేలమంది పనిచేసే కేన్సర్ జీవశాస్త్రంలో మంచి వ్యాసానికి వచ్చే సైటేషన్లు, ప్రపంచమంతా కలిపి వందమంది పనిచేసే రంగంలో అంతకన్నా మంచి వ్యాసానికైనా రావు. అందుకే రెండు వేర్వేరు రంగాల వాళ్ల అంకెలు పక్కపక్కన పెట్టడం తప్పు.

ఇక హెచ్-ఇండెక్స్. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త దీన్ని తెచ్చాడు. మీ వ్యాసాల్ని ఎక్కువ సైటేషన్లు వచ్చిన దగ్గర్నుంచి తక్కువ దాకా వరసగా పేర్చండి. పై నుంచి లెక్కపెట్టుకుంటూ రండి. వరస సంఖ్య కన్నా సైటేషన్లు తగ్గిపోయే చోట ఆగండి. ఒకాయనకి ఆరు వ్యాసాలు, సైటేషన్లు వరసగా 9000, 40, 12, 5, 3, 2 అనుకుందాం. నాలుగోదానికి 5 ఉన్నాయి, సరిపోయింది. ఐదోదానికి 3 మాత్రమే. ఆయన హెచ్-ఇండెక్స్ 4. ఇంకొకాయనకి ఎనిమిది వ్యాసాలు, ఒక్కోదానికి ఎనిమిదేసి. ఈయనకి 8. అంటే మొత్తం 64 సైటేషన్లున్న మనిషి, 9062 ఉన్న మనిషికి రెట్టింపు! ఆ 9000 కాస్తా తొంభై లక్షలైనా మొదటాయన అంకె నాలుగే. ఈ లెక్కని బోర్డు మీద వేసినప్పుడల్లా క్లాసు నిశ్శబ్దం అయిపోతుంది. జాతకంలో గ్రహబలం చూసినట్టు ఈ అంకె చూసి మనిషిని తూచేవాళ్లు సెలక్షన్ కమిటీల్లో కూర్చుంటున్నారు, అదే నా బాధ. జాతకాన్ని మూఢనమ్మకం అంటూ తరగతిలో ఉపన్యాసం ఇచ్చి, ఆఫీసు గదిలోకి వచ్చి ఇలా చేయకూడదు.

సుబ్బారావు గారి 9000 లాంటి వ్యాసం ఏదంటే, 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రాసినది. జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ, 66వ సంపుటం, 375వ పేజీ. రక్తంలోనో మూత్రంలోనో కండరంలోనో భాస్వరం, అంటే దాని ఫాస్ఫేటు రూపం, ఎంత ఉందో రంగుతో కొలిచే పద్ధతి. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు ప్రపంచంలో ఫాస్ఫేటు కొలిచినవాళ్లలో చాలామంది ఆ పేజీ నంబరు రాశారు. కొన్ని వేల సార్లు.

ఆ పద్ధతి నాకు ప్రాణం, అందుకే కొంచెం లోతుకి వెళ్తాను. ఆమ్లంలో ఫాస్ఫేటుకి మాలిబ్డేటు కలిపితే ఒక్క భాస్వరం పరమాణువు చుట్టూ పన్నెండు మాలిబ్డినం పరమాణువులు ఆక్సిజన్లతో కలిసి గూడు కడతాయి. ఆ గూటికి క్షయకారిణి నుంచి కొన్ని ఎలక్ట్రాన్లు అందితే, కొన్ని మాలిబ్డినాలు ఆరు నుంచి ఐదు వేలెన్సీకి దిగుతాయి, ఎలక్ట్రాన్ ఈ మాలిబ్డినం మీద నుంచి ఆ మాలిబ్డినం మీదకి దూకడానికి ఎర్రటి కాంతిని మింగుతుంది, మనకి నీలం మిగులుతుంది. వాళ్లు వాడిన క్షయకారిణి అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం. దానితో రంగు కొన్ని నిమిషాల్లో తేలిపోతుంది. అప్పటి ల్యాబుల్లో రంగు చిక్కదనాన్ని అంకెల్లో చూపే స్పెక్ట్రోఫోటోమీటర్ ఇప్పటిలా మామూలు కాదు, కంటితో రంగులు పోల్చే డ్యుబాస్క్ కలరీమీటర్ ఉండేది. ఒక గాజు కప్పులో మీ ద్రావణం, ఇంకో దాంట్లో బలం తెలిసిన స్టాండర్డ్. కంటి దగ్గర ఒకే వృత్తంలో రెండు సగాలు కనపడతాయి, రెండు సగాలూ ఒకే నీలం అయ్యేదాకా కప్పుని పైకీ కిందకీ జరుపుతారు. అప్పుడు రెండిటి లోతుల నిష్పత్తి చూస్తే చాలు, గాఢత వచ్చేస్తుంది.

ఇది ఎంత సున్నితమైనదంటే, ఒక ఏడాది మా బ్యాచ్‌లో అందరి బ్లాంకులూ, అంటే నమూనా కలపని ట్యూబులు, నీలంగా వచ్చాయి. బ్లాంకులో ఫాస్ఫేటు ఉండకూడదు కదా! గంటసేపు రీజెంట్లన్నీ అనుమానించాం. చివరికి తేలిందేమిటంటే ట్యూబులు బట్టల సబ్బుపొడితో కడిగారు. సబ్బుపొడిలోని ఫాస్ఫేటు గాజుకి అంటుకుని ఉండిపోయింది.

అసలు విశేషం ఇక్కడ మొదలవుతుంది. ఇదే పద్ధతిని కండరం సారం మీద పెడితే రంగు కొన్ని నిమిషాల్లో ఆగలేదు. అరగంట దాకా మెల్లగా ముదురుతూనే ఉంది. ఇంకొకరైతే ప్రయోగం చెడిందని పారబోసేవాళ్లు. వీళ్లు గడియారం పెట్టుకుని ఆ ముదరడాన్ని కొలిచారు. కండరంలో ఏదో ఉంది, ఆ ఆమ్లపు మాలిబ్డేటులో నెమ్మదిగా విరిగి ఫాస్ఫేటు వదులుతోంది. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ప్రకటించారు. కండరం పనిచేస్తే అది తగ్గుతుంది, విశ్రాంతి ఇస్తే మళ్లీ పేరుకుంటుంది. కండరానికి శక్తి లాక్టిక్ ఆమ్లం ఏర్పడటంలోంచే వస్తుందని అప్పటికి పాఠ్యపుస్తకాలు చెప్పేవి, ఆ మాట కదిలిపోయింది. 1929లో ఏటీపీ, కణాలకి శక్తినిచ్చే పదార్థం. జర్మనీలో లోమన్ కూడా అదే ఏడాది విడిగా కనిపెట్టాడు.

ఇప్పుడు చదివింపుల పుస్తకం తెరవండి. జీవరసాయన వ్యాసాల్లో ఎక్కడ చూసినా ఏటీపీ అన్న మాట ఉంటుంది! మరి ఆ మాట పక్కన ఫిస్క్, సుబ్బారావు, లోమన్ అని ఎవరు రాస్తున్నారు? ఎవరూ రాయరు. ఊరి మంచినీళ్ల బావి తవ్వించినవాడి పేరు పెళ్లి పుస్తకంలో ఉండదు. వంటంతా ఆ నీళ్లతోనే అవుతుంది. కనుక్కున్నది ఎంత పెద్దదైతే అంత త్వరగా పాఠంలో కలిసిపోయి సైటేషన్ ఆగిపోతుంది. పద్ధతి మాత్రం వాడిన ప్రతిసారీ పేరు రాయిస్తుంది. 2014లో నేచర్ పత్రిక అత్యధిక సైటేషన్లున్న 100 వ్యాసాల్ని లెక్కతీస్తే మొదటిది లౌరీ 1951లో రాసిన ప్రొటీన్ కొలిచే పద్ధతి, మూడు లక్షల పైచిలుకు. వందలో చోటు దక్కాలంటే కనీసం 12,119 కావలసి వచ్చింది. డీఎన్ఏ జంట మెలిక వ్యాసం అందులో లేదు.

ఇంకో రకం నష్టం కూడా ఉంది, అది నాకు కోపం తెప్పిస్తుంది. ఫిస్క్ ల్యాబ్‌లోనే పనిచేసి తర్వాత నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ చెప్పిన మాట ఇది: సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లని (ఏటీపీ జాతి పదార్థాలని) ఏళ్ల తర్వాత ఇతరులు మళ్లీ కనుక్కోవాల్సి వచ్చిందట, ఫిస్క్ అసూయతో వాటిని వెలుగు చూడనివ్వలేదని ఆయన అభిప్రాయం. అచ్చుకాని వ్యాసానికి ఏ ఇండెక్స్‌లోనూ గడి ఉండదు.

1940లో ఆయన లెడర్లీ మందుల కంపెనీ పరిశోధనలోకి వెళ్లాక లెక్క ఇంకా తారుమారు. ఫోలిక్ ఆమ్లం నిర్మాణం, తయారీ చెప్పిన 1946 వ్యాసంలో పదహారు పేర్లు ఉన్నాయి, ఆయనది ఏడోది. 1948లో సిడ్నీ ఫార్బర్ బృందం లుకేమియా (రక్త కేన్సర్) ఉన్న 16 మంది పిల్లలకి అమైనోప్టెరిన్ ఇచ్చి పదిమందిలో జబ్బు తాత్కాలికంగా తగ్గడం చూసింది. ఆ మందు సుబ్బారావు నడిపిన ల్యాబ్ నుంచి వెళ్లింది. ఆ వ్యాసం మీద ఐదు పేర్లున్నాయి, ఆయన పేరు లేదు. ఆ ఆగస్టులోనే ఆయన పోయారు. బోదకాలు మాత్ర డీఈసీ కూడా ఆయన బృందానిదే. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి, తమ ఎదురుగానే మింగించి, వేలి మీద ఇంకు గుర్తు పెట్టి వెళ్తారే, అదే.

ఆ అమ్మాయికి నేను అంకె చెప్పలేదు. "నీ ప్రాజెక్టులో ఫాస్ఫేటు ఎలా కొలిచావని రాశావు?" అని అడిగాను. కిట్ కంపెనీ పేరు, కేటలాగ్ నంబరు రాశానంది. కిట్ పెట్టెలోని కాగితం తెమ్మన్నాను. మడతలు విప్పి చూసింది, చిన్న అక్షరాల్లో అమ్మోనియం మాలిబ్డేటు, అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం. ఆ సాయంత్రం పంపిన కాపీలో పద్ధతుల విభాగం మూడో వాక్యం చివర కొత్తగా చేర్చింది: ఫిస్క్, సుబ్బారావు, 1925.