మీసాలతో గోడను తడిమే ఎలుక

చెట్ల మధ్య చెక్కలతో కట్టుకున్న చిన్న ఇంట్లో ఎలుకలు చేరాయి, మందు పెట్టడం ఇష్టం లేదు, ఏం చేయాలి అని ఒక పాఠకురాలు అడిగారు. మందు వద్దనుకోవడం మంచి నిర్ణయం. బ్రోడిఫాకమ్ లాంటి ఎలుకల మందు తిన్న ఎలుక వెంటనే చావదు. రక్తం గడ్డకట్టక, లోలోపల కారి, కొన్ని రోజులకు చస్తుంది, అదీ చాలాసార్లు గోడ సందులో. ఈలోగా దాన్ని పట్టి తిన్న గుడ్లగూబ కాలేయంలోకీ ఆ మందు చేరుతుంది. రాత్రంతా ఎలుకల్ని వేటాడే పక్షిని మనమే చంపుకున్నట్టు.

మందు లేకుండా పని జరగాలంటే ముందు ఎలుక మీసాల సంగతి తెలియాలి. బడిలో పళ్ల సూత్రం బట్టీ పట్టిస్తారు గానీ మీసాల ఊసెత్తరు. నాకు మాత్రం ఆ జంతువులో అన్నిటికన్నా అద్భుతం అవే. చూపు మసక గనక చిట్టెలుక సెకనుకు పదిసార్లకు పైగా మీసాల్ని ముందుకీ వెనక్కీ ఊపుతూ దారి తడుముకుంటుంది. మీసంలో నరం ఉండదు. చూపులేని మనిషి చేతికర్రకూ స్పర్శ లేదు. కర్ర ఎలా అదిరిందో పట్టుకున్న చెయ్యి గ్రహిస్తుంది. మీసానికి ఆ చెయ్యి దాని కుదురు: చుట్టూ రక్తం నిండిన తిత్తి, దాన్ని అల్లుకున్న నరాల కొసలు. కర్ర తగిలితే గోడ ఎంత దూరమో తెలిసినట్టే మీసం వంగిన తీరులో దూరం తెలుస్తుంది. కర్ర గరగరలో నేల తెలిసినట్టే మీసం అదురులో చెక్కా రాయా అన్నది తెలుస్తుంది. మనిషికి ఒకటే కర్ర. ఎలుకకు ముట్టెకు రెండు పక్కలా బారులు తీరి పదుల కర్రలు! 1970లో ఉల్సీ, వాన్ డెర్ లూస్ అనే శాస్త్రవేత్తలు చిట్టెలుక మెదడు పైపొరలో విడివిడి కణాల గుంపులు గుర్తించారు. ఒక్కో పెద్ద మీసానికి ఒక్కో గుంపు. మూతి మీద ఏ వరసో మెదడులోనూ అదే వరస.

గది మధ్యలో ఈ కర్రలకు తగిలేది ఏమీ లేదు. అందుకే ఎలుక గోడను అంటిపెట్టుకుని నడుస్తుంది. గోడ వారన జిడ్డు మరకలు, పెంటికలు కనిపించిన చోటే స్ప్రింగు బోను పెట్టండి, ఎర ఉన్న కొస గోడకు ఆనేలా, అడ్డంగా. చిట్టెలుక తిరిగే మేర చిన్నది కాబట్టి రెండు మూడు మీటర్లకొకటి ఉండాలి. పెద్ద ఎలుక కొత్త వస్తువుకు జడుస్తుంది; దానికి కొన్ని రోజులు బోను ఎక్కుపెట్టకుండా ఎర మాత్రం పెట్టి అలవాటు చేయాలి.

కన్నాలు మూయకపోతే ఇదంతా వృథా. ఎలుక ఎముకలు మడుచుకుని దూరుతుందన్నది వట్టి నమ్మకం. పుర్రె ముడుచుకోదు, అది పట్టిన చోట మిగతా ఒళ్లు పడుతుంది. చిట్టెలుకకు 6 మిల్లీమీటర్ల సందు చాలు, పెద్దదానికి సుమారు 12. ఫోమ్ ఒక్కటే నింపితే కొరికేస్తుంది: ముందుపళ్లకు బయటివైపు మాత్రమే గట్టి ఎనామెల్, వెనక మెత్తటి డెంటిన్ అరుగుతూ అంచు ఎప్పుడూ పదునుగా ఉంటుంది. కన్నంలో స్టీల్ పీచు కుక్కి, దానిపైన సీలెంట్ పూయండి. గాలి రంధ్రాలకు 6 మిల్లీమీటర్ల లోపు కళ్లున్న ఇనుప జాలీ కొట్టండి.

అల్ట్రాసౌండ్ పెట్టెల్ని నమ్మడం కరెంటుతో నడిచే మూఢనమ్మకం. ఆ శబ్దం గోడ దాటదు, ఎలుకలూ త్వరగా అలవాటుపడతాయి.

పెంటికల్ని మాత్రం పొడిగా ఊడవొద్దు. కొన్ని ప్రాంతాల ఎలుకల్లో హంటావైరస్ ఉంటుంది, అది దుమ్ముతో ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 1993లో అమెరికా నైరుతిలో మనుషులు చనిపోయింది దీనివల్లే. తలుపులు తెరిచి అరగంట బయట ఉండండి. తర్వాత చేతి తొడుగులు వేసుకుని, ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి తడపండి. ఐదు నిమిషాలు నాననిచ్చి గుడ్డతో తుడిచెయ్యండి.