బీపీ బిళ్లలూ కిడ్నీలూ: అపోహలు - వాస్తవాలు

అపోహ: బీపీ బిళ్లలు వాడితే కిడ్నీలు పోతాయి.

పలాస, సోంపేట, కవిటి వైపు నుంచి నా దగ్గర వైద్యానికి వచ్చేవాళ్లలో ఈ మాట అనకుండా మందుల చీటీ తీసుకునేవాళ్లు తక్కువ. "మా ఈదిలో ఆయన బీపీ బిళ్లలేసుకున్నాడు బాబూ, రెండేళ్లకే డయాలసిస్‌కి ఎల్లిపోనాడు" అంటారు. శ్రీకాకుళం జిల్లాలో ఈ ఊళ్లుండే ఉద్దానంలో అయినవాళ్లని కిడ్నీ జబ్బుకి పోగొట్టుకున్నవాళ్లకి భయం ఉండదా మరి? వాళ్లని నేనేమీ అనను. ఆ భయాన్ని వాట్సాప్‌లో ఊరంతా పంచేవాళ్లతోనే నా పేచీ.

అసలు సంగతి ఇది. కిడ్నీ దెబ్బతింటే ఒంట్లో ఉప్పూ నీరూ నిలిచిపోయి బీపీ పెరుగుతుంది. పెరిగిన బీపీ కిడ్నీలోని సన్నటి రక్తనాళాలని ఇంకా పాడుచేస్తుంది. బిళ్ల మొదలయ్యేది చాలామందికి అప్పుడే. లోపల ముందే ముదిరిన జబ్బు ఎవరికీ కనపడదు, చేతిలో బిళ్ల కనపడుతుంది. నింద దాని మీద పడుతుంది.

మూత్రంలో ప్రోటీన్ పోయేవాళ్లకి టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్ లాంటి బీపీ బిళ్లలు ఇచ్చేది కిడ్నీని కాపాడటానికే. ఇక్కడో మెలిక ఉంది. మొదలుపెట్టిన కొత్తలో రక్తంలో క్రియాటినిన్, అంటే కిడ్నీ వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం, కాస్త పెరగొచ్చు. కిడ్నీ వడపోతలో ఒత్తిడి తగ్గడం వల్ల వచ్చే మార్పు అది. 30 శాతం లోపు పెరిగి ఆగితే మామూలుగా మందు మాన్పించం. ఒకటి రెండు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు రాసేది ఇందుకే. రిపోర్టు చూసి మీకు మీరే బిళ్ల మానేయకండి, నేరుగా డాక్టరు దగ్గరకి తీసుకెళ్లండి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మాత్రం వెంటనే అడగండి, కొన్నాళ్లు ఆపమనొచ్చు.

కిడ్నీకి నిజంగా చేటు చేసే బిళ్ల వేరే ఉంది. కొబ్బరికాయలు దింపే ఆయనొకడు వచ్చాడు, బీపీ 170/100. మందులేం వాడుతున్నావంటే క్యారీబ్యాగు బల్ల మీద బోర్లించాడు. బీపీకిచ్చిన ఆమ్లోడిపిన్ షీటు చెక్కుచెదరలేదు. డైక్లోఫెనాక్ షీట్లు మాత్రం అన్నీ ఖాళీ. "ఇది నడుం నొప్పిది బాబూ, దీనికేటీ అవదు" అన్నాడు. నొప్పుల బిళ్లలు ఏకబిగిన వాడితే కిడ్నీ దెబ్బతింటుంది, బీపీ పెరుగుతుంది, వేసుకున్న బీపీ మందు కూడా సరిగ్గా పనిచేయదు. ఆ నొప్పుల బిళ్ల మాన్పించాక ఆయనకి పెరిగిన బీపీలో సగం దానంతటదే దిగింది.

ఇలా ఏదో ఒక కారణం దొరికేది సెకండరీ బీపీ. కిడ్నీ జబ్బు, కిడ్నీకెళ్లే ధమని సన్నబడటం, కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథిలో గడ్డలు, థైరాయిడ్, నిద్రలో ఊపిరి ఆగడం, స్టెరాయిడ్లు ఈ లెక్కలోకి వస్తాయి. వందలో తొంభై మందికి పైగా ఏ ఒక్క కారణమూ చెప్పలేం, అది ప్రైమరీ. ముప్పై దాటకుండానే బీపీ వచ్చినా, మూత్రం ఎక్కువ పోయేలా చేసే బిళ్లతో కలిపి మూడు మందులు వాడినా దిగకపోయినా కారణం వెతకాలి.

"వయసుకి తగ్గ బీపీ" అని ఒకటి లేదు. పెద్దవాళ్లలో పైది 160, కింది 70 ఉన్నా అది బీపీయే, పక్షవాతం తెచ్చేది అదే. ఆసుపత్రిలో మాత్రమే పెరిగే రకం కూడా ఉంది. చుట్టా టీ అరగంట ముందే ఆపి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చుని చూపించుకోండి, ఇంట్లోనూ కొన్నాళ్లు చూసి రాసుకురండి. కడుపుతో ఉన్నవాళ్ల సంగతి పూర్తిగా వేరు. వాళ్లకి టెల్మిసార్టాన్ పనికిరాదు, లాబెటలాల్, మిథైల్‌డోపా, నిఫెడిపిన్ లాంటివి ఇస్తాం. నెల తప్పిందని తెలిసిన రోజే వచ్చి మందు మార్పించుకోవాలి.

తలపోటు లేదు కాబట్టి బీపీ లేదనడం తప్పు. నార్మల్‌కి వచ్చింది కదా అని మానేయడమూ తప్పే, నార్మల్‌గా ఉంచుతున్నది ఆ బిళ్లే. బీపీ తగ్గుతుందని వెల్లుల్లి తింటారా, తినండి, బిళ్లతో పాటు.

ఉప్పు రోజుకి 5 గ్రాముల లోపు, అంటే ఒక టీ చెంచా. ఎండుచేపల్లో, ఆవకాయలో ఉండేదీ అందులో లెక్కే. లో సోడియం ఉప్పని అమ్మేదాంట్లో పొటాషియం ఉంటుంది, క్రియాటినిన్ పెరిగినవాళ్లు దాని జోలికి పోవద్దు. పొటాషియం ఉండే కొబ్బరి నీళ్లూ వాళ్లు డాక్టర్ని అడిగే తాగాలి. కొబ్బరితోటల మధ్య ఉంటూ ఈ మాట చెప్పడం నాకూ ఇబ్బందే.